అక్క బిడ్డను చేసుకున్న ఇంట్లో ఎవరి నమూనా తీయాలి

దేవరకొండ వైపు ఒక ఊరిలో నాలుగేళ్ల కిందటి ఎండాకాలంలో, ఏళ్లుగా వాడకంలో లేని మోటబావిలో పూడిక తీస్తుండగా మనిషి ఎముకలు బయటపడ్డాయి. ఒక తొడ ఎముక, మూడు దంతాలతో కింది దవడలో సగం, పక్కటెముకల ముక్కలు కొన్ని దొరికాయి. విషయం తెలిసిన రోజే ఊళ్లో ఒక కుటుంబం పోలీస్ స్టేషన్‌కు వెళ్లింది. ఆ ఇంటి పెద్ద ఇరవై ఆరేళ్ల కింద మేస్త్రీ వెంట వలస పనికి వెళ్లి తిరిగి ఇల్లు చేరలేదు. పాలమూరు, నల్లగొండ పల్లెల్లో ఇలాంటి ఇళ్లు ఇంకా ఉన్నాయి. డ్యాములకూ కాలువలకూ మట్టి మోయడానికి దేశమంతా తిరిగిన మనుషుల్లో కొందరి జాడ ఎవరికీ తెలియదు. ఆయన పని ముగించుకుని రాత్రిపూట నడిచి వస్తూ ఆ బావిలో పడిపోయి ఉంటాడన్న అనుమానం ఆ ఇంట్లో ఎప్పటి నుంచో ఉంది. ఊరి పేరు రాయడం లేదు, ఇంటివాళ్లను గుర్తుపట్టగల వివరాలు కొన్ని మార్చాను.

నేను హైదరాబాద్‌లో డీఎన్‌ఏ పరీక్షలు చేసే ఒక ల్యాబ్‌లో పనిచేస్తాను. ఆ కేసు మా ల్యాబ్‌కు రాలేదు. కొడుకు చేతికి వచ్చిన రెండు పేజీల నివేదిక అర్థం కాక, మా మేనమామ ద్వారా నన్ను వెతుక్కుంటూ వచ్చారు. అందులో ఉన్నది ఇంతే: ఎముకల్లో కేంద్రక డీఎన్‌ఏ పరీక్షకు సరిపడా మిగలలేదు, మైటోకాండ్రియా డీఎన్‌ఏ దొరికింది, అది కుమారుడి మైటోకాండ్రియా డీఎన్‌ఏతో సరిపోలలేదు. నేను చదివి, తండ్రి ఎముకలకూ కొడుకు మైటోకాండ్రియాకూ పోలిక పెట్టడమే పొరపాటని, ఈ నివేదికతో ఏమీ తేలలేదని, ఆ ఎముకలు ఆయనవే అయ్యే అవకాశం ఇంకా ఉందని చెప్పాను. అంత తొందరగా ఆ మాట చెప్పకుండా ఉండవలసింది. ఎందుకో వివరించడానికే ఈ పోస్ట్ రాస్తున్నాను.

మన కణంలో డీఎన్‌ఏ రెండు చోట్ల ఉంటుంది. కేంద్రకంలో ఉండేది తల్లి నుంచి ఒక ప్రతి, తండ్రి నుంచి ఒక ప్రతిగా వస్తుంది. మనిషిని మనిషి నుంచి వేరు చేసి చూపేది అదే, కోర్టుల్లో సాధారణంగా వినిపించే డీఎన్‌ఏ పరీక్ష కూడా దాని మీద జరిగేదే. కేంద్రకం బయట, కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియాలలో మరో చిన్న డీఎన్‌ఏ ఉంటుంది. అది ఎ, టి, జి, సి అనే నాలుగు రసాయన అక్షరాలతో అల్లిన, 16,569 అక్షరాల గుండ్రటి దండ, అందులో 37 జన్యువులు. కేంద్రక డీఎన్‌ఏ కణానికి రెండే ప్రతులు ఉంటే, ఈ దండ ఒక్కొక్క కణంలో వందల నుంచి వేల ప్రతుల దాకా ఉంటుంది. బావిలో నీళ్లూ బురదా సూక్ష్మజీవులూ కలిసి ఏళ్ల తరబడి ఎముకలోని డీఎన్‌ఏను ముక్కలు చేస్తున్నప్పుడు, రెండే ప్రతులున్నది ముందు కనుమరుగవుతుంది, వేల ప్రతులున్నదానిలో ఎక్కడో కొన్ని ముక్కలైనా మిగులుతాయి. కుదురు లేని తెగిన వెంట్రుక, కాలిన పన్ను, పాతబడిన ఎముక పరీక్షకు వచ్చినప్పుడు మేము మైటోకాండ్రియా వైపు తిరగడానికి కారణం ఇదే. 2013 అక్టోబర్ 30న మహబూబ్‌నగర్ జిల్లా పాలెం దగ్గర బస్సు కాలిపోయి 45 మంది చనిపోయినప్పుడు మృతులను బంధువుల డీఎన్‌ఏతో పోల్చి గుర్తించారు. అలాంటి తాజా ఘటనల్లో మొదట ప్రయత్నించేది కేంద్రక డీఎన్‌ఏనే, ఎందుకంటే అది పలికితే పేరు పెట్టి పలుకుతుంది. మైటోకాండ్రియాకు పేరు తెలియదు, వంశం మాత్రమే తెలుసు, ఆ వంశం కూడా తల్లి వైపుదే.

పిల్లలు ఆడైనా మగైనా మైటోకాండ్రియా తల్లి అండం నుంచే వస్తుంది. తండ్రి శుక్రకణంతో వచ్చిన కొద్దిపాటి మైటోకాండ్రియా ఫలదీకరణ తర్వాత నాశనమవుతుంది. మన ఇళ్లలో ఇంటిపేరు తండ్రి నుంచి కొడుక్కి నడిచినట్టే, ఇది తల్లి నుంచి బిడ్డకు నడుస్తుంది, కొడుకు దగ్గర ఆగిపోతుంది. అందువల్ల తప్పిపోయిన మగవాడి ఎముకలతో పోల్చడానికి ఆయన తల్లి నమూనా పనికొస్తుంది. ఆమె లేకపోతే తోడబుట్టినవాళ్లు, తల్లి తోడబుట్టిన పెద్దమ్మ, చిన్నమ్మ, మేనమామ. వాళ్లూ లేకపోతే అక్కచెల్లెళ్ల పిల్లలు, అంటే ఆయన మేనల్లుళ్లూ మేనకోడళ్లూ. ఆయన సొంత కొడుకూ బిడ్డా ఈ జాబితాలో లేరు. పాఠ్యపుస్తకాల్లో ఉన్న సూత్రం ఇది. నేను ఆ రోజు ఆ కుటుంబానికి చెప్పినదీ ఈ సూత్రమే.

ఆ తర్వాతి ఆదివారం ఆ ఊరికి వెళ్లాను. ఎవరి నమూనా తీసుకుంటే ఉపయోగమో తెలుసుకోవడానికి వాళ్ల వంశవృక్షం రాసుకోవాలన్నది నా ఉద్దేశం. అరుగు మీద కూర్చుని, చేతికి దొరికిన శుభలేఖ వెనుక వైపు గీతలు గీస్తున్నాను. మగవాళ్లకు చతురస్రం, ఆడవాళ్లకు వృత్తం, పెళ్లికి అడ్డగీత, సంతానానికి నిలువుగీత. తప్పిపోయిన పెద్దాయన భార్య పక్కనే కూర్చుని చింతపండులో గింజలు తీస్తూ, నేను అడిగినప్పుడల్లా ఒక్కో పేరు చెబుతూ ఉంది. ఆమె వృత్తాన్ని నేను ఎక్కడో దూరంగా, ఎవరితోనూ కలపకుండా గీశాను. ఆమె కాగితం వైపు కొంతసేపు చూసి, గింజల చేత్తోనే ఆ వృత్తం మీద వేలు పెట్టింది. "గీత సక్కగ గీయలేదు బిడ్డా. నేను ఆయనకు పరాయిదాన్ని గాదు, సొంత అక్క బిడ్డను. మా అమ్మమ్మ కొడుకే ఆయన" అన్నది.

ఆ గీత సరిచేయగానే కాగితం మీద కేసు మొత్తం తలకిందులైంది. పెద్దాయన మైటోకాండ్రియా ఆయన తల్లిది. అదే తల్లి నుంచి ఆయన అక్కకు, అక్క నుంచి ఆమె బిడ్డకు, అంటే ఈమెకు, ఈమె నుంచి ఆ కొడుక్కి అదే మైటోకాండ్రియా అందింది. తండ్రీ కొడుకుల మైటోకాండ్రియా వేరువేరుగా ఉంటుందన్న సూత్రం ఈ ఇంటికి వర్తించదు. ఇక్కడ తండ్రికీ భార్యకూ కొడుక్కీ ఒకటే ఉండాలి. అలాంటప్పుడు కొడుకు నమూనా ఎముకలతో సరిపోలకపోవడం అర్థం లేని ఫలితం కాదు. ఆ ఎముకలు ఆయనవి కావని చెప్పే ఫలితం అది. నివేదిక రాసినవారికి ఈ సంబంధం తెలియదు, ఎవరూ అడగలేదు. నేనూ అడగకుండానే, దాన్ని కొట్టిపారేసి ఆ ఇంటికి ఒక ఆశ పెట్టాను.

ఈ శాస్త్రం పాఠ్యపుస్తకాలు ఎక్కువగా యూరప్, అమెరికాల నుంచి వచ్చాయి. అక్కడి కుటుంబాల్లో మేనమామ మేనకోడలిని చేసుకోవడం చాలా అరుదు కనుక ఆ పుస్తకాలకు ఈ మినహాయింపు రాయవలసిన అవసరం రాలేదు. మనకు మాత్రం ఇది మినహాయింపు కాదు, ఊరికి పది ఇళ్లలో కనిపించే సంగతి. మేనరికాల్లోనూ ఒక్కొక్కటి ఒక్కొక్క ఫలితం ఇస్తుంది. అక్క బిడ్డను చేసుకుంటే పిల్లలకు తండ్రి మైటోకాండ్రియాతో సమానమైనదే వస్తుంది. మేనత్త కూతురిని చేసుకుంటే పిల్లలకు వచ్చేది ఆ మేనత్త తల్లిది, అంటే తండ్రికి నాయనమ్మది. అది పిల్లల తాతకు కూడా ఉంటుంది కనుక, తండ్రిని దాటి తాతకూ మనవడికీ పోలిక కుదురుతుంది. మేనమామ కూతురిని చేసుకుంటే ఈ రెండూ జరగవు, ఎందుకంటే ఆ పిల్ల మైటోకాండ్రియా మేనమామ భార్యది, బయటి నుంచి వచ్చింది. ఆ మేనమామ కూడా అక్క బిడ్డనే చేసుకుని ఉంటే మళ్లీ లెక్క మారుతుంది. కుండమార్పిడి పెళ్లిళ్లు, ఇల్లరికాలు కలిసినప్పుడు రెండు మూడు తరాలలోనే కాగితం మీద గీతలు ఒకదాని మీద ఒకటి ఎక్కుతాయి. అందుకే ఇప్పుడు నమూనా ఇవ్వడానికి వచ్చిన ప్రతి ఒక్కరినీ "మీ అమ్మానాన్నలు పెళ్లికి ముందు ఒకరికొకరు ఏమవుతారు" అని అడుగుతాను. ఆ ప్రశ్నకు జవాబు నిమిషంలో వస్తుంది, యంత్రం నుంచి అది ఎన్ని గంటలకూ రాదు.

రెండోసారి దరఖాస్తు పెట్టించి, పోలీసుల ద్వారానే, పెద్దాయన భార్య నమూనా కూడా తీయించారు. పరీక్ష ఎలా జరుగుతుందో తెలియక చాలామంది భయపడతారు. బతికున్న మనిషి దగ్గర తీసేది చెంప లోపల దూదిపుల్లతో తుడిచిన తడి మాత్రమే. కష్టం ఎముకతోనే. పైపొరను గీకి తీసేసి, బ్లీచింగ్ ద్రావణంతో కడిగి, అతినీలలోహిత కాంతి కింద ఉంచి, ద్రవ నత్రజనిలో గడ్డకట్టించి పొడి చేస్తారు. పూడిక తీసిన కూలీ చేయి, ఎముకను సంచిలో పెట్టిన కానిస్టేబుల్ చేయి, మా చేయి, వీటిలో ఏది తగిలినా తాజా డీఎన్‌ఏ పాత డీఎన్‌ఏను కప్పేస్తుంది. ఇలాంటి ల్యాబ్‌లలో పనిచేసేవాళ్ల మైటోకాండ్రియా అక్షరాల వరుసలను కూడా రాసి పెట్టుకుంటారు, ఫలితం తమలో ఎవరిదైనా అయిందేమో మొదట చూసుకోవడానికి. పొడి నుంచి తీసిన డీఎన్‌ఏలో మొత్తం దండ చదవడం అన్నిసార్లూ కుదరదు. ఎక్కువ మార్పులు పేరుకునే రెండు భాగాలను, 16024 నుంచి 16365 వరకు, 73 నుంచి 340 వరకు ఉన్న 610 అక్షరాలను, పీసీఆర్ అనే ప్రతులు పెంచే పద్ధతితో పెంచి చదువుతారు. 1981లో కేంబ్రిడ్జ్‌లో మొదటిసారి పూర్తిగా చదివి, 1999లో సరిదిద్దిన వరుసను కొలబద్దగా పెట్టుకుని, దానికి తేడా ఉన్న స్థానాలను మాత్రం రాస్తారు. ఆ కొలబద్ద యూరప్ మనిషిది కనుక మన నమూనాల్లో తేడాల పట్టిక కొంచెం పొడవుగానే ఉంటుంది. 303వ స్థానం తర్వాత సి అక్షరం వరసగా వచ్చే చోట యంత్రం తడబడి, గ్రాఫ్‌లో శిఖరాలు ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. అక్కడ రెండో వైపు నుంచి మళ్లీ చదవక తప్పదు.

ఫలితం చెప్పే పద్ధతిలో ఒక జాగ్రత్త ఉంది. రెండు వరుసల మధ్య రెండు లేదా అంతకు మించి తేడాలుంటే తల్లివంశం వేరని చెబుతారు. తేడా ఏదీ లేకపోతే అదే వంశం కాదనలేమని చెబుతారు. ఒకే ఒక్క తేడా ఉంటే తేలలేదని రాస్తారు, ఎందుకంటే ఒకే మనిషిలో రెండు రకాల మైటోకాండ్రియా కలిసి ఉండటం, తల్లికీ బిడ్డకూ మధ్య ఒక అక్షరం మారడం అరుదుగానైనా జరుగుతాయి. రష్యా చక్రవర్తి రెండో నికోలస్ ఎముకలు 1991లో వెలికి తీసి పరీక్షించినప్పుడు ఇదే ఎదురైంది. భార్య, కుమార్తెల ఎముకలు బ్రిటన్ రాణి భర్త ప్రిన్స్ ఫిలిప్ నమూనాతో సరిగ్గా కలిశాయి, ఆయన వాళ్ల తల్లివైపు బంధువు. నికోలస్ దగ్గర మాత్రం 16169వ స్థానంలో రెండు అక్షరాలు కలిసి కనిపించాయి, తల్లివైపు బతికున్న బంధువులలో ఒకటే ఉంది. 1899లో చనిపోయిన ఆయన తమ్ముడు జార్జి సమాధి తెరిచి చూస్తే తమ్ముడిలోనూ అదే కలయిక ఉందని 1996లో వెల్లడైంది. సందేహం పుట్టించిన చుక్కే చివరకు సాక్ష్యమైంది.

మన బావి ఎముకల విషయంలో అంత ఊగిసలాట లేదు. భార్యకూ కొడుక్కీ వరుస అక్షరం తేడా లేకుండా కలిసింది. ఆమె చెప్పిన వంశవృక్షానికి అది బలం. ఎముకల వరుస వాళ్లతో ఐదు చోట్ల వేరుగా ఉంది. అవి ఆయనవి కావు.

ఒకవేళ కలిసి ఉంటే? ఈ ప్రశ్న దగ్గర న్యాయవాదులూ విలేకరులూ తరచూ పొరబడుతున్నారు కనుక కొంచెం ఆగుతాను. మైటోకాండ్రియా సరిపోలిందంటే ఆ ఎముకలు ఫలానా మనిషివని కాదు, ఆ తల్లివంశంలో ఎవరివైనా కావచ్చని. దానికి ఎంత బలం ఉందన్నది ఆ వరుస జనంలో ఎంత అరుదో తెలిస్తేనే చెప్పగలం. మూడు వందల మంది నమూనాల్లో ఒక వరుస ఒక్కసారి కూడా కనిపించలేదనుకుందాం. అది సున్నా అని అర్థం కాదు. గణితం ప్రకారం 95 శాతం నమ్మకంతో చెప్పగలిగేది, అది జనంలో నూటికి ఒకరికి మించి ఉండకపోవచ్చని మాత్రమే. లక్ష మంది ఉన్న పట్టణంలో నూటికి ఒకరంటే వెయ్యి మంది. ఆ మూడు వందల నమూనాలు ఢిల్లీ నుంచో ముంబై నుంచో వచ్చినవైతే ఆ లెక్కకు మన దగ్గర అంత విలువ కూడా లేదు. తరతరాలుగా చుట్టుపక్కల ఇరవై ఊళ్లలోనే పిల్లనిచ్చి పిల్లను తెచ్చుకున్న కులంలో కొన్ని తల్లివంశాలే మళ్లీ మళ్లీ తిరుగుతాయి. బయట అరుదైన వరుస ఆ ఊళ్లలో ప్రతి వీధిలోనూ ఉండవచ్చు.

లెక్క సరైన జనంతో కట్టినప్పుడు ఇదే పరీక్ష ఎంత దూరం పోగలదో చూపిన పని హైదరాబాద్‌లోనే జరిగింది. జార్జియా రాణి కెటెవాన్‌ను 1624లో ఇరాన్‌లోని షిరాజ్‌లో చంపారు; ఆమె అవశేషాలలో కొన్నింటిని క్రైస్తవ సన్యాసులు గోవాకు తెచ్చారని చరిత్ర. గోవాలో శిథిలమైన సెయింట్ అగస్టీన్ చర్చిలో దొరికిన చేతి ఎముకను సీసీఎంబీ (సెంటర్ ఫర్ సెల్యులర్ అండ్ మాలిక్యులర్ బయాలజీ) శాస్త్రవేత్తలు పరీక్షిస్తే యు1బి అనే తల్లివంశం బయటపడింది. భారతదేశంలో సేకరించిన 22,000కు పైగా నమూనాలలో అది ఒక్కటీ లేదు. జార్జియా వాళ్లు 30 మందిని చూస్తే ఇద్దరిలో ఉంది. రాణి బిడ్డలు, అక్కచెల్లెళ్ల వారసులు ఎవరూ దొరక్కపోయినా ఆ ఎముక ఈ దేశపు మనిషిది కాకపోవచ్చని చెప్పగలిగారంటే, అది ఎముక గొప్పతనం కన్నా ఓపికగా పోగుచేసిన ఆ 22,000 నమూనాల గొప్పతనం. 2021లో ఆ అవశేషాన్ని జార్జియాకు అప్పగించారు.

మన జిల్లాల మనుషుల తల్లివంశాలను గురించి ఇప్పటికే కొంత తెలుసు. తల్లివంశాల చెట్టులో దేశంలో సగం మందికి పైగా ఎం అనే పెద్ద కొమ్మకు చెందుతారు; 10400వ స్థానంలో సి బదులు టి ఉండటం దాని గుర్తు. మిగిలినవాళ్లలో ఎక్కువమంది ఆర్ కొమ్మవాళ్లు, యు దాని చిలవే. అచ్చంపేట, అమ్రాబాద్ మీదుగా నల్లమలలో ఉండే చెంచులనూ, గోదావరి వైపు కోయలనూ కులాలవాళ్లతో పోల్చి 2003లో వెలువడిన అధ్యయనం, అడవిలో ఉన్నవాళ్లకూ ఊళ్లలో ఉన్నవాళ్లకూ తల్లివైపు వారసత్వం చాలావరకు ఒకటేనని, అది మంచుయుగం నాటి తొలి నివాసుల నుంచి వచ్చిందని చూపింది. చెంచులను వేరే జాతిగా మాట్లాడేవాళ్లు మా వైపు ఇంకా ఉన్నారు కనుక ఆ అధ్యయనాన్ని ప్రతి సభలోనూ చెబుతుంటాను. ఒక్క చిక్కు ఏమిటంటే 2014కు ముందు రాసిన ఇలాంటి పత్రాల్లో నమూనా ఎక్కడిదంటే ఆంధ్రప్రదేశ్ అని మాత్రమే ఉంటుంది. అది శ్రీకాకుళమో, నాగర్‌కర్నూలో తెలియనప్పుడు బావిలో దొరికిన ఎముకకు ఆ పట్టిక ఏ మేరకు పనికొస్తుంది? దేవరకొండ తండాలలోని లంబాడాలు ఇండో ఆర్య భాష మాట్లాడతారు, పక్క పల్లెలో తెలుగు మాట్లాడతారు. ఇద్దరినీ ఒకే సంచిలో వేసి శాతం కట్టడం సరికాదు.

మా వైపు రాకాసి గుళ్లనే పాత సమాధుల ఎముకలకు ఇలా చేయలేరా అని కూడా చాలామంది అడుగుతారు. మన వేడిలో అది చాలా కష్టం. హరియాణాలోని సింధు నాగరికత నాటి రాఖీగఢీలో 61 ఎముక నమూనాలు ప్రయత్నిస్తే ఒక్క స్త్రీ నుంచే చదవదగ్గ డీఎన్‌ఏ దొరికింది, ఆమెది యు2బి2 వంశం.

బావి ఎముకలు ఎం కొమ్మలోవే. అంటే మా వైపు ఎవరివైనా కావచ్చు. సీలు వేసిన పెట్టెలో అవి అలాగే ఉన్నాయి, అడిగిన ఇల్లు ఇప్పటివరకు మరొకటి లేదు. ఇటు ఈ ఇంటి పెద్దాయన వరుస ఆయన భార్య నమూనా రూపంలో ఫైల్‌లో ఉంది, పోల్చడానికి ఎముక లేదు. తప్పిపోయినవాళ్ల కుటుంబాల వరుసలనూ గుర్తుతెలియని శవాల వరుసలనూ ఒకచోట చేర్చి పోల్చే సూచికలను ప్రతిపాదించిన డీఎన్‌ఏ బిల్లును 2019లో లోక్‌సభలో ప్రవేశపెట్టి, 2023 జూలైలో ఉపసంహరించుకున్నారు. ఆ బిల్లు మీద వ్యక్తిగత గోప్యత గురించి వచ్చిన అభ్యంతరాలు నిజమైనవే, అనుమానితుల వివరాలు పోలీసుల చేతిలో ఎన్నాళ్లు ఉండాలన్న ప్రశ్న చిన్నది కాదు. కానీ తప్పిపోయినవాళ్ల కోసం ఇష్టపూర్వకంగా నమూనా ఇచ్చే కుటుంబాల సూచికను విడదీసి, ముందుగా దాన్నైనా తేవచ్చని నా అభిప్రాయం. మహారాష్ట్రలోనో గుజరాత్‌లోనో ఏ కాలువ గట్టునో దొరికిన ఎముక అక్కడి మార్చురీలో ఉంటే, ఇక్కడి అరుగు మీద కూర్చున్న మనిషికి అది తెలిసే దారి ఈనాటికీ లేదు.

ఫలితం చెప్పడానికి మళ్లీ ఆ ఊరికి నేనే వెళ్లాను, మొదట చెప్పింది తప్పని ఒప్పుకోవలసి ఉంది కనుక. కొడుకు ఏమీ అనలేదు. ఆమె అంతా విని, అయితే ఆయన ఆ బావిలో పడలేదన్నమాట అని ఒకటికి రెండుసార్లు అడిగి రూఢి చేసుకుంది. తర్వాత తన చెంపలోంచి తీసిన నమూనా ఎన్నేళ్లు ఉంటుందని, తాను పోయినాక కూడా పనికొస్తుందా అని అడిగింది. కార్డు మీద ఆరబెట్టి తడి తగలకుండా ఉంచితే ఏళ్ల తరబడి చెడదని, వరుస కాగితం మీద రాసే ఉంది కనుక ఆమె కొడుకు దగ్గరా, బిడ్డ దగ్గరా, బిడ్డకు బిడ్డ దగ్గరా అదే దొరుకుతుందని చెప్పాను.